గినీ పిగ్ మేత మానేస్తే రేపటిదాకా ఆగవద్దు

మీ ఇంట్లోని రెండు గినీ పిగ్‌లలో ఒకటి నిన్న సాయంత్రం నుంచి మేత ముట్టడం లేదని, ఓ మూల ముడుచుకుని కూర్చుంటోందని, పెంటికలు కూడా బాగా తగ్గిపోయాయని రాశారు. ఇంకొక రోజు చూడవచ్చా, పిల్లల కోసం తెచ్చిన యాంటీబయాటిక్ సిరప్ రెండు చుక్కలు వేయవచ్చా, విజయవాడలో దీనికి వైద్యం ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. నేను సత్యనారాయణపురంలో ఉంటాను. మా ఇంట్లో కొన్నేళ్లుగా గినీ పిగ్‌లను పెంచుతున్నాం. మీ మొదటి రెండు ప్రశ్నలకు నా సమాధానం స్పష్టంగా చెబుతాను: ఆగవద్దు, ఆ సిరప్ వేయవద్దు.

కుక్క ఒక పూట తిండి మానేస్తే ఎవరూ అంతగా కంగారుపడరు. గినీ పిగ్ సంగతి వేరు. దాని పేగులు రాత్రింబవళ్లు పీచుతో నిండి కదులుతూనే ఉండాలి. మేత ఆగిపోతే ఆ కదలిక మందగిస్తుంది, లోపల గ్యాస్ చేరుతుంది, ఆ నొప్పికి అది మరింతగా మేత మానేస్తుంది, ఈలోగా ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకోవడం మొదలవుతుంది. పైగా ఇది వేటజంతువులకు ఆహారమయ్యే జాతి కాబట్టి, జబ్బును బయటికి కనపడనీయకుండా చివరిదాకా దాచుకుంటుంది. మూల ముడుచుకుని కూర్చుందంటే దాచుకునే ఓపిక కూడా తగ్గిపోయిందని అర్థం. పన్నెండు గంటలకు పైగా ఏమీ తినని గినీ పిగ్‌ను అత్యవసర రోగిగానే చూడాలి.

డాక్టర్ దగ్గరికి చేరేలోపు మీరు చేయగలిగినది ఒకటుంది. ముందుగా పొట్టను మెల్లగా తాకి చూడండి. అది ఉబ్బి, బిగుతుగా ఉంటే బలవంతంగా ఏమీ తినిపించకుండా వెంటనే బయలుదేరండి. మెత్తగా ఉంటే, అది రోజూ తినే పెల్లెట్లను (గుళికలుగా చేసిన దాణాను) గోరువెచ్చని నీటిలో నానబెట్టి జారుగా మెదిపి, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టండి. ప్రతిసారీ అది నమిలి మింగేదాకా ఆగాలి, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తనంతట తాను ఏమీ తినని జీవికి రోజు మొత్తం మీద కిలో బరువుకు 50 నుంచి 80 మి.లీ. వరకు, నాలుగైదు విడతలుగా పట్టవలసి ఉంటుంది. ఇది వైద్యానికి బదులు కాదు, వైద్యం అందేదాకా పేగులను ఆగిపోనీయకుండా ఉంచే ప్రయత్నం మాత్రమే.

ఇక ఆ సిరప్ విషయం. పిల్లలకు, కుక్కలకు తరచుగా రాసే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ ప్రాణం తీయగలవు. క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. దాని పేగుల్లో మేతను జీర్ణం చేసే మంచి సూక్ష్మజీవులను ఈ మందులు చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులు విజృంభించి విషాన్ని విడుదల చేస్తాయి. విరేచనాలు మొదలై కొద్ది రోజుల్లోనే జీవి చనిపోవచ్చు. యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే ఎన్రోఫ్లాక్సాసిన్, లేదా ట్రైమెథోప్రిమ్‌తో కలిసిన సల్ఫా మందు వంటివి వైద్యులు బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు. మన ఊళ్లలో పశువైద్యులు ఎక్కువగా చూసేది గేదెలను, కుక్కలను కాబట్టి, మందుల చీటీ చేతికి వచ్చినప్పుడు "ఇందులో పెన్సిలిన్ జాతి మందు ఏమైనా ఉందా సార్, గినీ పిగ్‌కు పడదంటారు కదా" అని వినయంగా అడగడంలో తప్పు లేదు. నేను ప్రతిసారీ అడుగుతాను. ఆ ప్రశ్నకు ఏ డాక్టర్ గారూ నొచ్చుకోలేదు.

చూపించడానికి మనకు దగ్గరలో ఉన్న పెద్ద చోటు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. బయలుదేరే ముందు ఫోన్ చేసి, కుందేళ్ల వంటి చిన్న జీవులను చూసే వైద్యులు ఆ పూట ఉన్నారో లేదో కనుక్కోండి. ఊళ్లోని పెంపుడు జంతువుల క్లినిక్‌లకు వెళ్లినా ముందుగా అడగవలసింది ఇదే. ఎండెక్కక ముందే, గాలి ఆడే పెట్టెలో తువ్వాలు పరిచి, రెండింటినీ కలిపి తీసుకువెళ్లండి. తోడు ఉంటే జబ్బుపడినదానికి భయం తగ్గుతుంది, రెండూ ఒకే మేత తింటున్నాయి కాబట్టి రెండోదానికీ పరీక్ష అవసరమే. దుకాణంలో రెండూ ఆడవేనని చెప్పి ఉన్నా, పనిలో పనిగా డాక్టర్ గారి చేత నిర్ధారించుకోండి. ఏడు నెలల వయసులోపు ఒక్క ఈత కూడా ఈనని ఆడదానికి కటి ఎముకల మధ్య అతుకు బిగుసుకుపోతుంది, ఆ తరువాత చూలు నిలిస్తే ప్రసవం ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొక మాట, ఏదైనా ఆపరేషన్ అవసరమైతే కుక్కకు చెప్పినట్టు ముందురోజు రాత్రి నుంచి పస్తు పెట్టమని ఎవరైనా చెబితే మళ్లీ అడిగి తెలుసుకోండి. కుక్కను పస్తు పెట్టేది మత్తులో వాంతి చేసుకుంటుందన్న భయంతో. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ భయం లేదు, పస్తే దానికి హాని.

మేత మానడానికి కారణాలు చాలా ఉంటాయి కానీ, ముందుగా చూడవలసింది పళ్లు. దాని నోట్లో 20 పళ్లు ఉంటాయి, అవన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని నమిలి నమిలి అరగదీయకపోతే కింది దవడ పళ్లు లోపలికి వంగి నాలుక మీద కమ్ముకుంటాయి. మా వాటిలో ఒకటి మేత దగ్గరికి ఆశగా వచ్చి, ఆకు నోట్లో పెట్టుకుని వదిలేయడం మొదలుపెట్టింది, గడ్డం తడిగా ఉండేది. ముందు పళ్లు చూస్తే చక్కగానే ఉన్నాయి. చెవి పరీక్షకు వాడే దీపపు గొట్టంతో డాక్టర్ గారు నోటి లోపలికి చూసినప్పుడే వెనుక పళ్ల సంగతి బయటపడింది. మత్తు ఇచ్చి వాటిని అరగదీశాక, సిరంజి మేతతో కొద్దికొద్దిగా కోలుకుంది. అందుకే ముందు పళ్లు మాత్రమే చూసి "పళ్లు బాగానే ఉన్నాయి" అని పంపిస్తే, వెనుక పళ్లు కూడా చూడమని అడగండి.

రెండో కారణం విటమిన్ సి లోపం. మనుషుల లాగే గినీ పిగ్ కూడా ఈ విటమిన్‌ను ఒంట్లో తయారు చేసుకోలేదు. రెండు మూడు వారాలు అందకపోతే కీళ్లు వాచి కదలడానికి ఇష్టపడదు, చిగుళ్లు చెడతాయి, బొచ్చు బిరుసెక్కుతుంది, ముట్టుకుంటే నొప్పితో అరుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మి.గ్రా. చాలు, జబ్బులో అంతకంటే ఎక్కువ కావాలి. మన పక్క ఇదేమంత కష్టం కాదు. వంద గ్రాముల జామపండులో 200 మి.గ్రా.కు పైగా విటమిన్ సి ఉంటుంది, అంటే పటమట రైతుబజారులో కొన్న ఒక్క జామకాయ నుంచి పలచటి ముక్క కోసి పెడితే రోజు అవసరం తీరుతుంది. జామలో చక్కెర ఉంటుంది కనుక ముక్కకు మించవద్దు. మిగిలిన రోజుల్లో క్యాప్సికం, కొత్తిమీర పెట్టవచ్చు. విటమిన్ చుక్కలను తాగే నీటిలో కలపడం వృథా. వెలుతురుకు, వేడికి విటమిన్ చెడిపోతుంది, రుచి మారి నీళ్లు తాగడమే తగ్గించవచ్చు. మనుషుల మల్టీవిటమిన్ మాత్రలు అసలే వద్దు, వాటిలోని ఎ, డి విటమిన్లు మోతాదు మించి హాని చేస్తాయి.

కూరలు ఎంత పెట్టినా అసలు మేత గడ్డే, మొత్తం తిండిలో దాని వాటా 80 శాతం వరకు ఉండాలి. టిమోతీ ఎండుగడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కానీ ఖరీదు ఎక్కువ. మేము దానితో పాటు మందు కొట్టని గట్ల మీది గరిక కోయించి, కడిగి, నీడన ఆరబెట్టి పెడతాం. కృష్ణా డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు కానీ అందులో పోషకాలు తక్కువ, పరుపుగా వేయడానికే పనికివస్తుంది. లేత జొన్న చొప్పలో సైనైడ్ విషం ఉండవచ్చు కనుక పెట్టవద్దు. పాలకూర, తోటకూర, మునగాకు రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. మూత్రం పోసేటప్పుడు కీచుమంటున్నా, మూత్రంలో రక్తం కనిపించినా ఎక్స్‌రే తీయించండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పూర్తిగా మానాలి. వానాకాలంలో బూజు వాసన వచ్చే గడ్డిని, ఎంత ఖరీదు పెట్టి కొన్నా, పారేయడమే మేలు.

ఇది ఎండాకాలమైతే వడదెబ్బను కూడా అనుమానించండి. గినీ పిగ్‌కు 18 నుంచి 24 డిగ్రీలు హాయి, 30 దాటితే ప్రమాదం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడ బాల్కనీలో పంజరం ఉంచడం దానికి ప్రాణాంతకం. చొంగ కారుస్తూ, రొప్పుతూ, చాపలా పడి ఉంటే చెవులను, పాదాలను మామూలు నీటితో తడిపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఐసు నీళ్లు పోయకూడదు. మేము వేసవిలో పంజరాన్ని ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో నేల మీద పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన ఉంచుతాం. ఉక్కపోత రోజుల్లో కూలర్ పెద్దగా పనిచేయదు.

ఈసారి గండం గడిచాక వంటింటి తూకం ఒకటి దీనికోసమే కేటాయించి, ప్రతి వారం ఒకే రోజున, ఒకే వేళకు రెండింటి బరువు చూసి రాసి పెట్టుకోండి. ఎదిగినవి సాధారణంగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటాయి. వారంలో 50 గ్రాములు తగ్గితే మేతను, పెంటికలను దగ్గరుండి గమనించండి, పదో వంతు బరువు తగ్గితే తింటున్నట్టు కనిపించినా డాక్టర్‌కు చూపించండి. ఆ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్తే, జబ్బు ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు ఊహ మీద కాకుండా అంకెలతో జవాబు చెప్పగలుగుతారు.