హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి కుక్కని తీసుకెళ్ళాలి, రైలు మంచిదా, కారా?

మీరు ఇల్లు మారుతున్నామని, ఆరేళ్ళ కుక్క ఎప్పుడూ ప్రయాణం చేయలేదని రాశారు. రెండేళ్ళ క్రితం మాదీ ఇదే పరిస్థితి. మా కుక్క చిన్నికి అప్పుడు ఏడేళ్ళు.

ముందు రైలే అనుకున్నాం. కుక్కని మనతో పాటు కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరునే ఉండాలి. టికెట్ కొన్నంత మాత్రాన కూపే వచ్చినట్టు కాదు, చార్ట్ తయారయ్యేటప్పుడే అది తేలుతుంది. తర్వాత పార్సిల్ ఆఫీసులో కుక్కకి వేరేగా బుకింగ్ చేయించాలి. డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి. కూపే రాకపోతే మిగిలేది గార్డు పెట్టెలో ఉండే డాగ్ బాక్స్. రాత్రంతా ఆ చప్పుడులో, ఆ చీకట్లో ఒక్కదాన్నే వదలడానికి నాకు మనసొప్పలేదు. ఆ టెన్షన్ పడలేక కారులోనే వెళ్ళాం.

కారులో మేం చేసిన పెద్ద తప్పు తిండి దగ్గర. పొద్దున నాలుగింటికి బయల్దేరుతూ, దారిలో ఆకలేస్తుందేమో పాపం అని పెరుగన్నం పెట్టాను. చౌటుప్పల్ దాటకముందే మొత్తం కక్కేసింది. ఆ తర్వాత సూర్యాపేట దాకా వణుకుతూనే ఉంది. బయల్దేరడానికి నాలుగైదు గంటల ముందే తేలికగా పెట్టి ఆపేయండి. నీళ్ళు మాత్రం ఆగిన ప్రతిచోటా కొద్దికొద్దిగా తాగించండి. నిద్రమాత్ర వేస్తే పడుంటుందని ఎవరైనా చెప్తే వినకండి. ఒళ్ళు వేడెక్కినా, ఊపిరి ఆడకపోయినా మనకి తెలియదు. కక్కకుండా ఉండటానికి వేరే మందులున్నాయి, అవి డాక్టర్నే అడగండి.

రెండు మూడు గంటలకోసారి ఆపండి. తలుపు తీయకముందే గొలుసు చేతికి చుట్టుకోండి. ఏలూరు దగ్గర మా ఆయన తలుపు తీయగానే చిన్ని దూకి హైవే వైపు పరిగెత్తింది. బెల్టు నా చేతికి అందింది కాబట్టి సరిపోయింది, ఆ లారీ హారన్ తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మెడ బెల్టుకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ళ తప్పకుండా కట్టండి. మీరు టిఫిన్‌కి దిగినప్పుడు ఒకరు కుక్క దగ్గరే ఉండాలి. అద్దాలు కాస్త దించి వెళ్ళినా ఎండలో కారు నిమిషాల్లోనే పొయ్యి అవుతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వేడి దిగాలంటే ఎగరొప్పడమే దానికి దారి. మీది పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతి అయితే ఎండాకాలం పగటి ప్రయాణం అసలు వద్దు.

మీకింకా నెల టైముంది కదా, రోజూ పావుగంట కారెక్కించి తిప్పండి. మేం ఆ పని చేయలేదు.

ఇంకొకటి, అది పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే వెంట తీసుకెళ్ళండి. వైజాగ్ ఇంట్లో మా చిన్ని ఏ గదిలోకీ రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ పాత దుప్పటి హాల్లో పరిచాను. వాసన చూసింది, మూడు చుట్లు తిరిగి దాని మీద పడుకుంది. కాసేపటికి లేచి గిన్నెడు నీళ్ళు తాగింది.