పాత సొలారిస్ సర్వర్లు చేతికొచ్చిన మేనకోడలికి

చిరంజీవి బంగారుతల్లికి, మావయ్య ఆశీస్సులు.

కొత్త ఉద్యోగంలో నీకు సొలారిస్ (ఒరాకిల్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే పాత సర్వర్లు కూడా అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నా సర్వీసంతా వాటితోనే గడిచింది, అందుకే ఈ ఉత్తరం. ముందుగా ఏ మెషిన్‌లో ఏ వెర్షన్ ఉందో, ప్యాచ్ (లోపాల్ని సరిచేసే అప్‌డేట్) చివరిసారి ఎప్పుడు వేశారో నువ్వే లాగిన్ అయి చూసి రాసుకో. నీకిచ్చిన ఎక్సెల్ షీట్‌ను నమ్మకు.

ఇంతగా చెప్పడానికి కారణం సీవీఈ-2020-14871 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం. లాగిన్ అయ్యేది ఎవరో తేల్చే ప్యామ్ లైబ్రరీలోనే ఆ లోపం ఉంది. యూజర్‌నేమ్‌ను విడదీసే ఫంక్షన్ దాన్ని 512 బైట్ల బఫర్‌లోకి, అంటే అంత మాత్రమే పట్టే మెమరీ చోటులోకి, కాపీ చేస్తుంది, పొడవు మాత్రం చూడదు. మించిన బైట్లు స్టాక్ అనే ఆ మెమరీ భాగంలో పక్కనున్న వాటి మీదికి పొర్లుతాయి. ఆ ఫంక్షన్ పని ముగించుకుని ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే అడ్రసు కూడా అక్కడే ఉంటుంది. దాన్ని మార్చి తన కోడ్ నడిపించగలిగినవాడికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. తీవ్రత స్కోరు పదికి పది.

దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో, సర్వర్ ప్రశ్నలడిగి జవాబులు తీసుకునే కీబోర్డ్ ఇంటరాక్టివ్ పద్ధతి ఉంది కదా, యూజర్‌నేమ్‌ను ప్యామే అడిగేలా చేసి ఆ దారిలో ఎంత పొడవైన పేరైనా పంపవచ్చు. సొలారిస్ 11.1 నుంచి పేరును ముందే కత్తిరించి ఆ ఫంక్షన్‌కు ఇస్తారు కాబట్టి అక్కడ ఈ దాడి పారదు. ఇది బాగా గుర్తుపెట్టుకో తల్లీ: అక్కడ కాపాడింది ముందున్న కత్తిరింపే. నువ్వు సీ భాషలో కోడ్ రాసేటప్పుడు కాపీ చేసే చోటే పొడవు చూడు. ముందరి కోడ్ చూసే ఉంటుందిలే అనుకోకు.

ఒరాకిల్ 2020 అక్టోబర్‌లో ప్యాచ్ ఇచ్చింది. అది వేయడానికి టైమ్ పడుతుందంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ సెట్టింగుల ఫైలు)లో చాలెంజ్ రెస్పాన్స్, కేబీడీ ఇంటరాక్టివ్ అథెంటికేషన్ రెండింటికీ 'నో' పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి. ఆ పని చేసేటప్పుడు ఒక సెషన్ తెరిచే ఉంచి, ఇంకో విండోలో లాగిన్ అవుతుందో లేదో చూసుకో, లేకపోతే నువ్వే బయట ఉండిపోతావు. దీంతో మూసుకునేది ఆ ఒక్క దారే, లైబ్రరీలో లోపం అలాగే ఉంటుంది. కాబట్టి ప్యాచ్ తప్పదు.

సొలారిస్ 9 కనిపిస్తే దానికి ప్యాచ్ లేదు, సపోర్టు ఎప్పుడో ఆగిపోయింది. బయటి నెట్‌వర్క్ నుంచి దాన్ని తీయించమని మేనేజర్‌కు మెయిల్ పెట్టు, నోటిమాటతో సరిపెట్టకు. "ఇన్నేళ్లూ ఏం కాలేదుగా" అంటారు. టెన్షన్ పడకుండా ఆ 512 బైట్ల సంగతి వివరించు. రీస్టార్ట్ చేసే రాత్రి తోడు కావాలంటే ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ మావయ్య