పాటిదిబ్బ మీద పార వద్దు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఊరి కుర్రవాళ్లు పదిమంది ఆదివారాలు పాటిదిబ్బ మీద, అంటే పాతకాలపు ఊరు పూడిపోయిన మట్టిదిబ్బ మీద, తిరుగుతున్నారని చదివి పొంగిపోయాను. వచ్చే నెలలో అక్కడ తవ్వి చూస్తామన్న మాట దగ్గర మాత్రం గుండె ఆగినంత పనైంది. తవ్వకండి నాయనా. పురావస్తు తవ్వకానికి ప్రభుత్వ అనుమతి కావాలి. నేలలో దాగిన పది రూపాయల విలువ మించిన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. చట్టం మాట అటుంచినా, మట్టి పొరలు ఒకసారి కలిసిపోతే ఏ కుండపెంకు ఏ కాలానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నేను చేసిన తప్పు చెబుతాను. బడిలో పనిచేసే రోజుల్లో ఒక పిల్లవాడు నున్నగా నూరిన రాతిగొడ్డలి తెచ్చి ఇచ్చాడు. మురిసిపోయి బీరువాలో దాచాను. ఎక్కడ దొరికిందో రాసుకోలేదు. చాలా ఏళ్ల తరవాత ఒక నిపుణుడు చూసి, "ఏ పొలంలోది మాస్టారూ?" అని అడిగితే నోట మాట రాలేదు. ఆ పిల్లవాడు అప్పటికే ఊరు వదిలి వెళ్లిపోయాడు. కొత్తరాతియుగపు మనిషి మన చెరువు కింద ఉన్నాడా, గుట్ట మీద ఉన్నాడా అన్నది ఇక తేలదు. అందుకే ఏది కనిపించినా కదపకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తేదీ, పొలం పేరు, రైతు పేరు అక్కడే నిలబడి రాయండి. ఇంటికి వెళ్లాక రాద్దామనుకుంటే సగం మరచిపోతారు.

గొర్రెల కాపరులను, కలుపు తీసే అమ్మలను అడగండి. వాళ్లకు తెలిసినన్ని రాళ్లు ఇంకెవరికీ తెలియవు. "రాకాసి గుళ్లు" అని ఎవరైనా అంటే తప్పక వెళ్లి చూడండి. అవి చాలాచోట్ల ఇనుపయుగపు సమాధులు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పాతకాలపు మనుషులు పాతిన నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఊరివాళ్లు పొలంలో అడ్డమని పీకేసి ఉంటే ఆ మాట ఉండేదా?

ఇక శాసనం. దాని మీద సుద్ద రుద్దవద్దు, పిండి చల్లవద్దు, రంగు పూయవద్దు. మంచినీళ్లతో, మెత్తని కుంచెతో దుమ్ము పోతే చాలు. ఎండ సూటిగా పడితే అక్షరం కనబడదు, వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. రాత్రి టార్చితో వెళితే గుప్తనిధుల వేటగాళ్లనుకుని ఊరు ఊరంతా వెంటబడుతుంది. పగలే రాయిని దుప్పటితో కప్పి, లోపల పక్కనుంచి టార్చి వేయండి. అక్షరాలు లేచి వస్తాయి. కాగితం మీద నకలు తీయడం మాత్రం చేయి తిరిగినవారికి వదిలిపెట్టండి.

కుర్క్యాల బొమ్మలమ్మగుట్ట బండ మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కంద పద్యాలు వెయ్యేళ్లు దాటినా అక్కడే ఉన్నాయి. గ్రానైటు కోసం గుట్టలను కోస్తున్న కరీంనగర్ జిల్లా అది. ఆ బండ కూడా కోతకు పోయి ఉంటే అని తలచుకుంటేనే భయం వేస్తుంది.

ఫోనులో ఫొటోలు పంచుకునేటప్పుడు చోటు గుర్తులు బయటపెట్టకండి. పూర్తి వివరాలు పురావస్తు శాఖకు పంపండి, ఒక ప్రతి పంచాయతీలో ఉంచండి. నిధి కోసం నంది కింద తవ్వి పోసిన గోతులు నేను చాలా చూశాను.

సంక్రాంతి దాటాక నేనే వస్తాను. గుడి వెనక వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) మీద రెండు వరుసల రాత ఉందన్నావు కదా, దానితో మొదలుపెడదాం. మందపాటి దుప్పటి ఒకటి సిద్ధంగా ఉంచు. పండుగకు గుడికి సున్నం వేసేటప్పుడు ఆ రాయి జోలికి పోవద్దని పూజారిగారికి ఇవాళే చెప్పు.

మీ మామయ్య