కిలిమంజారో పొదుపు, జీడితోట బయానా: అబూ ధాబీలోని ఉద్దానం యువకుడికి జవాబు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. వయసు 30. నాలుగేళ్ల నాలుగు నెలలుగా అబూ ధాబీలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. నెల జీతం 10,000 దిర్హాములు, అందులో బేసిక్ 6,000. ఇంటికి 3,500 పంపుతాను, నా గదికీ తిండికీ 3,000 అవుతుంది. బ్యాంకులో 40,000 ఉన్నాయి. సెలవు దినాల్లో కొండలెక్కడానికీ, ఫుజైరా వెళ్లి డైవింగ్ చేయడానికీ నెలకు 1,200 దాకా ఖర్చు పెడుతున్నాను. కిలిమంజారో ఎక్కాలనీ, ఆ తరువాత ఉద్యోగం మానేసి ఆరు నెలలు హిమాలయాల్లో తిరగాలనీ ఉంది. నాన్నగారు మాత్రం ఆ డబ్బుకు నా పేరున జీడితోట కొందామంటున్నారు, బయానా ఇవ్వడానికి మాట కూడా ఇచ్చేశారు. నేను చేస్తున్నది దుబారాయా?

జవాబు: దుబారా కాదు. ఇంటికి పంపవలసింది పంపి, అప్పు లేకుండా, జీతంలో ఎనిమిదో వంతు కన్నా తక్కువ మీకు ఇష్టమైన పనికి వెచ్చిస్తున్నారు. ఆ ఖర్చును తప్పుపట్టవలసిన అవసరం నాకు కనబడలేదు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. కొండలూ సముద్రమూ అన్ని వివరాలూ రాశారు గాని, మీ పేరున ఒక్క బీమా పాలసీ ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. ఇంటిల్లిపాదీ మీ జీతం మీద ఆధారపడి ఉన్నప్పుడు ముందుగా సరిచేయవలసింది అదే.

మీ కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పత్రాన్ని తెరిచి, వర్తించనివి అన్న భాగాన్ని ఒక్కసారి పూర్తిగా చదవండి. ఆత్మహత్యాయత్నం, మద్యం మత్తులో జరిగిన ప్రమాదం వంటి వాటి పక్కనే పర్వతారోహణ, పారాగ్లైడింగ్, స్కూబా డైవింగ్ అన్న మాటలు చిన్న అక్షరాల్లో కనబడే పాలసీలు చాలా ఉన్నాయి. భారతదేశంలో అమ్మే వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో ఎక్కువ వాటిదీ ఇదే వరస. అందుచేత పెద్ద యాత్రకు వెళ్లిన ప్రతిసారీ సాహస క్రీడలకు వర్తించే ప్రయాణ బీమాను విడిగా తీసుకోవాలి. అందులో ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చూడాలి. కిలిమంజారో శిఖరం 5,895 మీటర్లు గనుక, 4,500 మీటర్ల దగ్గర ఆగిపోయే పాలసీ మీకు అక్కరకు రాదు. హెలికాప్టర్‌లో కిందికి దించే ఖర్చు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే ఆ ఖర్చు ఒక్కటే యాత్ర మొత్తానికి అయ్యేదాన్ని మించిపోగలదు.

టర్మ్ పాలసీ, అంటే గడువు లోపు మీకేమైనా అయితే ఇంటివాళ్లకు సొమ్ము ఇచ్చే జీవిత బీమా, దాని సంగతి ఇంకా ముఖ్యం. ప్రవాస భారతీయులు దాన్ని ఇండియాలోని కంపెనీల నుంచే తీసుకోవచ్చు. దరఖాస్తులో హాబీల గురించి అడిగిన చోట, ప్రీమియం పెరుగుతుందన్న భయంతో డైవింగ్‌నూ పర్వతారోహణనూ దాచిపెట్టకండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల లోపు, వాస్తవాన్ని దాచారన్న కారణంతో కంపెనీ దాన్ని ప్రశ్నించవచ్చు. అటువంటి వివాదం వస్తే, మీరు లేని ఇంట్లో మీ అమ్మగారూ నాన్నగారూ కాగితాలు పట్టుకుని తిరగవలసి వస్తుంది. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఉన్నది ఉన్నట్టు రాయడమే వాళ్లకు మీరు చేయగలిగిన మేలు.

అమ్మానాన్నల ఆరోగ్య బీమాను కూడా ఇప్పుడే చూడండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు 36 నెలల దాకా నిరీక్షణ కాలం పెట్టే వీలు కంపెనీలకు ఉంది కాబట్టి, ఆరోగ్యం బాగున్నప్పుడు తీసుకున్న పాలసీకే విలువ ఎక్కువ.

ఇక లెక్కకు వద్దాం. ఇంటికి 3,500, మీకు 3,000 పోగా నెలకు 3,500 మిగులుతుంది. అనుకోకుండా జీతం ఆగినా ఇబ్బంది లేకుండా ఆరు నెలల అవసరాలకు 39,000 చేతిలో ఉండాలి. బ్యాంకులో ఉన్న 40,000 సరిగ్గా దానికే సరిపోతుంది గనుక, కిలిమంజారో కోసం అందులోంచి ఒక్క దిర్హామూ తీయవద్దు. మిగిలే 3,500లో 500 బీమా ప్రీమియాలకూ, 1,500 ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదనను ఇండియాలో రూపాయల్లో ఉంచుకునే ప్రవాసుల ఖాతా) ద్వారా, షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ మ్యూచువల్ ఫండ్‌లో దీర్ఘకాలానికీ కేటాయించండి. తక్కిన 1,500 పూర్తిగా మీ సాహసాలదే. వారాంతాల ఖర్చును 700కు తగ్గించుకోగలిగితే, నెలకు 800 చొప్పున 15 నెలల్లో 12,000 దిర్హాములు సమకూరతాయి. దిర్హాము విలువ డాలరుకు 3.6725 దగ్గర కట్టి ఉంది కనుక అది 3,260 డాలర్లకు పైమాట. యాత్ర ధరలు డాలర్లలోనే ఉంటాయి కాబట్టి ఈ సొమ్మును అక్కడే దిర్హాముల్లో ఉంచండి, రూపాయల్లోకి మార్చి మళ్లీ డాలర్లు కొనుక్కునే నష్టం మీకెందుకు? ఊరి అవసరాలకు సంబంధించిన పొదుపు మాత్రం రూపాయల్లో ఉండవచ్చు.

కిలిమంజారో విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. అక్కడ గైడ్ లేకుండా ఎక్కనివ్వరు, పార్కు రుసుము రోజు చొప్పున వసూలు చేస్తారు. అందువల్ల అయిదు రోజుల్లో ఎక్కించి దించే ప్యాకేజీ చవకగా కనిపిస్తుంది. కాని ఆ ఎత్తులో పలచటి గాలికి శరీరం అలవాటు పడాలంటే రోజులు కావాలి. తొందరపడి ఎక్కిన వాళ్లకే తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటి ప్రమాదాలు ఎక్కువ. శిఖరం చేరకుండా వెనుదిరిగితే కట్టిన డబ్బు కూడా పోయినట్టే. ఏడెనిమిది రోజుల మార్గాన్నే ఎంచుకోండి, డబ్బు చాలకపోతే మరో నాలుగు నెలలు ఆగండి. పొదుపు చేయదగ్గ చోటు ఇది కాదు.

ఆరు నెలలు ఉద్యోగం మానేయడం గురించి మాత్రం మీతో ఏకీభవించలేను. అక్కడి కార్మిక చట్టం ప్రకారం సర్వీసులో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) వస్తుంది, ఆపై ప్రతి ఏడాదికీ 30 రోజులది. మీకు రోజు బేసిక్ 200 అనుకుంటే, అయిదేళ్లకు 21,000 దిర్హాములు జమపడి, ఆరో ఏడాది నుంచి ఏటా 6,000 కలుస్తుంది. ఆ మలుపుకు మీరింకా ఎనిమిది నెలల దూరంలో ఉన్నారు. తనంతట తాను రాజీనామా చేసిన వ్యక్తికి అక్కడి నిరుద్యోగ బీమా ఏమీ ఇవ్వదు, వీసా కూడా రద్దవుతుంది. పైగా ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చి ఉంటే, చూడడానికి వచ్చిన ప్రవాసిని 182 రోజుల లోపు ఉన్నంత వరకు పన్ను లెక్కలో ప్రవాసిగానే చూసే వెసులుబాటు మీకు వర్తించకపోవచ్చు. పన్ను విషయంలో ఏప్రిల్ నుంచి మార్చి వరకు మీరు ఇండియాలో ఉన్న రోజుల లెక్క అప్పుడు కఠినమవుతుంది. స్థిరపడడానికే వచ్చారని తేలితే ఎన్‌ఆర్‌ఈ ఖాతాను రెసిడెంట్ ఖాతాగా మార్చవలసి వస్తుంది, దాంతో వడ్డీపై పన్ను మినహాయింపు పోతుంది.

మీకు ఏటా వేతనంతో కూడిన 30 రోజుల సెలవు ఉంది. ఒక ఏడాది కిలిమంజారో, మరుసటి ఏడాది నేపాల్ పెట్టుకుంటే ఉద్యోగం పోకుండానే కోరిక తీరుతుంది. ఊరికి వచ్చినప్పుడు మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కి వస్తే కాళ్లకు సాధన కూడా అవుతుంది. ఆరు నెలల విరామమే కావాలనుకుంటే, ఏడాది అవసరాలకు సరిపడా నిధి చేరిన తరువాతే ఆ మాట ఎత్తండి.

జీడితోట గురించి నాన్నగారికి ఈ వారమే ఫోన్ చేయండి. విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమినీ తోటలనూ కొనడానికి వీలులేదు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. మీ పేరున రిజిస్ట్రేషన్ జరిగితే తరువాత చిక్కుల్లో పడతారు, ఇచ్చిన బయానా కూడా వివాదంలో పడుతుంది. మీరు పంపిన సొమ్ముతో ఆయన తన పేరున కొనుక్కోవడంలో ఇబ్బంది లేదు గాని, ఆ తోట ఆయన ఆస్తి అవుతుంది. మీకు అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే ఆయన తదనంతరం వాళ్లకూ అందులో హక్కు రావచ్చు. ఈ విషయం ఇంట్లో అందరి ముందూ మాట్లాడుకుని, బయానా ఇవ్వడానికి ముందే తేల్చుకోండి.