ప్రీకాస్ట్, బాత్రూమ్ పాడ్ పనుల్లో వీఆర్ నిజంగా ఎక్కడ పనికొస్తుంది?

"ఫ్యాక్టరీలో పాడ్లు, ప్రీకాస్ట్ గోడలు తయారుచేసేవాళ్లం. వీఆర్ హెడ్‌సెట్ కొంటే పనికొస్తుందా, కస్టమర్లకు చూపించుకోవడానికేనా?" అని కదా అడిగారు. (పాడ్ అంటే ఫ్యాక్టరీలోనే తయారై సైట్‌కి వచ్చే బాత్రూమ్, ప్రీకాస్ట్ అంటే ముందే పోతపోసిన కాంక్రీటు, వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ.)

పనికొస్తుంది, కాకపోతే షాప్ డ్రాయింగులు (ఫ్యాక్టరీలో తయారీకి వాడే వివరమైన డ్రాయింగులు) ఖరారయ్యే లోపే. అచ్చులు తయారయ్యాక హెడ్‌సెట్‌లో తప్పు దొరికితే దిద్దుబాటు అచ్చు కోయడంతోనే మొదలవుతుంది.

పైపూ డక్టూ గుద్దుకుంటున్నాయా అన్నది వీఆర్‌లో వెతక్కండి. నేవిస్‌వర్క్స్ లాంటి క్లాష్ సాఫ్ట్‌వేర్ (త్రీడీ మోడల్‌లో ఒకదానికొకటి తగిలే భాగాల్ని వెతికేది) ఆ పని మన కళ్ల కన్నా బాగా చేస్తుంది. చెయ్యి పడుతుందా, పానా తిరుగుతుందా, మనిషి వంగి చూడగలడా అన్నవి మాత్రం క్లాష్ రిపోర్టులో సాధారణంగా రావు. హెడ్‌సెట్ పెట్టుకోవాల్సింది వాటికోసం.

పాడ్‌లో షాఫ్ట్ (పైపులు పైకీ కిందికీ వెళ్లే సందు) వైపు నీళ్ల కనెక్షన్ సంగతే చూడండి. అది సైట్‌లో ఇచ్చేది. మోడల్‌లో వాల్వుకీ గోడకీ మధ్య 80 మి.మీ. ఖాళీ ఉంటే క్లాష్ ఏమీ చూపించదు. హెడ్‌సెట్‌తో చేత్తో పట్టుకునే కంట్రోలర్‌కి 300 మి.మీ. పైపు పానా మోడల్ తగిలించి, మోకాళ్ల మీద కూర్చుని, 300×300 యాక్సెస్ ప్యానెల్‌లోంచి దాన్ని లోపలికి పెట్టి చూడండి. లోపలికి వెళ్తుంది, తిరగదు. వాల్వు దిశ మార్చాలో, ప్యానెల్ జరపాలో అక్కడే తేలిపోతుంది. ఒక జాగ్రత్త: వీఆర్‌లో చెయ్యి గోడలోంచి దూరిపోతుంది, ఏదీ అడ్డుకోదు. అందుకని పానా దేనికైనా తగిలితే ఎర్రగా మారి కంట్రోలర్ కంపించేలా సెట్ చేసుకోవాలి. ఇది లేకుండా చేసే పరీక్ష వట్టి ఆటే. పైగా ఆ పానా పట్టుకోవాల్సింది ప్లంబరే, డిజైనర్ కాదు.

ప్రీకాస్ట్ గోడల దగ్గర గొడవంతా తాత్కాలికంగా పెట్టేవాటితోనే, మోడల్‌లో చాలాసార్లు గీయనివీ అవే: లిఫ్టింగ్ యాంకర్లు (గోడని ఎత్తే కొక్కేలు), స్లింగులు (ఎత్తే తాళ్లు), షిమ్ములు (లెవెల్ కోసం కింద పెట్టే పలకలు), ఏటవాలు ప్రాపులు (గోడ పడకుండా పెట్టే ఆసరాలు). మొదటి గోడకి పెట్టిన ప్రాపు కింది యాంకర్ సరిగ్గా రెండో గోడ దిగాల్సిన చోటే వస్తుంది. గోడలు ఎక్కించే వరుస ప్రకారం ఇవన్నీ మోడల్‌లో పెట్టి, ఒక్కో గోడా దించుతూ పక్కన నిలబడి చూడాలి. క్రేన్ హుక్ ఎత్తు కూడా అప్పుడే చూసేయండి. రెండు స్లింగులతో ఎత్తేటప్పుడు అవి అడ్డగీతకి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదాని మీద గోడ బరువులో సుమారు 58 శాతం పడుతుంది. హుక్ ఎత్తు చాలక 30 డిగ్రీలకి వాలిపోతే ఒక్కోదాని మీదా మొత్తం బరువంత లాగుడు వస్తుంది.

మోడల్ సిద్ధం చేయడంలో ఎక్కువమంది దెబ్బతినేది స్కేల్ దగ్గర. వీఆర్ దృశ్యాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, యూనిటీలో 1 యూనిట్ అంటే మామూలుగా మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. ఎక్స్‌పోర్ట్ చేశాక 1000 మి.మీ. ఘనం ఒకటి పక్కన పెట్టి కొలవండి. తర్వాత హెడ్‌సెట్ ఫ్లోర్ లెవెల్. కంట్రోలర్‌ని నిజమైన నేలకి ఆనిస్తే వీఆర్‌లోనూ నేల మీదే కనబడాలి. 50 మి.మీ. తేడా ఉందంటే "చెయ్యి అందుతుంది" అని తేల్చినవన్నీ తప్పే. వీఆర్‌లో దూరాలు అసలు కన్నా తక్కువగా అనిపిస్తాయి కూడా, కాబట్టి కంటి అంచనా వద్దు, కొలత టూల్ వాడండి.

పీసీ లేకుండా నడిచే హెడ్‌సెట్ అయితే ఒకేసారి కనబడే ట్రయాంగిల్స్ (మోడల్ ఆకారాన్ని కట్టే చిన్న త్రిభుజాలు) 10 లక్షల లోపు ఉంచండి. తయారీదారు ఇచ్చిన కుళాయి మోడల్ ఒక్కటే లక్షలు మింగేయొచ్చు, దాని బదులు మామూలు ఆకారం పెట్టండి. సెకనుకి 72 ఫ్రేముల కన్నా తగ్గితే తల తిరగొచ్చు. నడకకి జాయ్‌స్టిక్ కాకుండా టెలిపోర్ట్ (గురి పెట్టిన చోటికి ఒక్కసారే వెళ్లిపోయే పద్ధతి) పెట్టండి, ఒక్కొక్కరికీ 20 నిమిషాలు చాలు.

మోడల్‌లో ప్రతి గోడా నిఖార్సుగా ఉంటుంది, పోతపోసిన గోడ అలా ఉండదు. 20 మి.మీ. జాయింట్ గీసి ఉంటే, మీ డ్రాయింగులో ఇచ్చిన టాలరెన్స్ (అనుమతించిన తేడా) మేరకు దాన్ని తగ్గించిన రెండో వెర్షన్ కూడా తయారుచేసి చూడండి. పునాది యాంకర్ బోల్టులు ఇప్పటికే వేసి ఉంటే, లేజర్ స్కాన్ పాయింట్ క్లౌడ్‌ని (సైట్‌ని కొలిచి తీసిన చుక్కల రూపాన్ని) మోడల్ మీద పెడితే ఏ బోల్టు పక్కకి జరిగిందో లారీ బయల్దేరకముందే తెలుస్తుంది.

హెడ్‌సెట్‌లో ఉన్న మనిషి నోట్సు రాసుకోలేడు. పక్కన ఒకరు కూర్చుని ప్రతి సమస్యనీ బీసీఎఫ్ (మోడల్‌లోని సమస్యల్ని సాఫ్ట్‌వేర్ల మధ్య పంచుకునే ఫైలు) ఫార్మాట్‌లో, ఆ వ్యూ, ఆ ఎలిమెంట్ ఐడీతో సహా సేవ్ చేయాలి. "వాల్వు దగ్గర ఇరుకుగా ఉంది" అని మాత్రమే రాస్తే, 40 పాడ్లలో అది ఏ వాల్వో మర్నాడు ఎవరికీ గుర్తుండదు.