ఆఫీసుకి ఇంటర్నెట్ ఫోనా, ల్యాండ్‌లైనా? విజయవాడ మందుల హోల్‌సేల్ వ్యాపారి జవాబు

గుంటూరులో కొత్తగా ఆఫీసు తెరుస్తున్నాం, పది మంది స్టాఫ్ ఉంటారు, ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ సిస్టమ్ పెట్టుకోవాలా, మామూలు ల్యాండ్‌లైన్లు తీసుకోవాలా అని అడిగారు. ఇంటర్నెట్‌దే పెట్టుకోండి. అమ్మడానికి వచ్చేవాళ్లు ఖర్చు తగ్గుతుందని, రిపోర్టులు వస్తాయని చెప్తారు. అవి నాకు ముఖ్యం కాదు. మీ ఆఫీసు గది పనికిరాకుండా పోయిన రోజున కూడా మీ నంబరు మోగాలి, అవతల మనిషి ఎత్తాలి. నేను చూసేది ఇదొక్కటే.

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. నూజివీడు, మైలవరం, తిరువూరు, నందిగామ వైపు మెడికల్ షాపుల వాళ్లంతా అప్పుడే ఆర్డర్లు చెప్తారు. మధ్యాహ్నం బండికి సరుకు ఎక్కకపోతే సాయంత్రం వాళ్ల కౌంటర్లో మందు ఉండదు. చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అయినా ఆ కంపెనీది లేకపోతే ఏది ఉంది, ఎక్స్‌పైరీ ఎప్పటిది, స్కీము ఎంత అనేవి నోటితో మాట్లాడితేనే తేలతాయి.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట మునిగిపోయిన రోజు. అటు ప్రకాశం బ్యారేజీకి సోమవారం తెల్లారేసరికి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మా సరుకంతా గవర్నర్‌పేట గోడౌన్‌లో ఉంది, అక్కడ ఇబ్బంది లేదు. బిల్లింగ్ ఆఫీసూ ఫోన్లూ మాత్రం సింగ్ నగర్‌లో మొదటి అంతస్తులో ఉన్నాయి. కింద షట్టర్ సగం దాకా నీళ్లు వచ్చాయి. వీధులన్నీ నీళ్లలో ఉంటే కరెంటు ఆపక తప్పదు, ఆపేశారు. మా ఇన్వర్టర్ ఆ రాత్రికే చతికిలబడింది, దాంతో ఇంటర్నెట్ వచ్చే ఫైబర్ డబ్బా ఆరిపోయింది.

కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ పలుకుతుంది అని పెద్దవాళ్లు అంటారు. అందులో నిజముంది. రాగి లైనుకి ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు తీగ వెంటే వస్తాయి, అందుకే ఇంట్లో దీపాలు ఆరినా డయల్‌టోన్ ఉంటుంది. మా బల్ల మీదా అలాంటి పాత ఫోన్ ఒకటి ఉండేది. కానీ ఆ తీగల జాయింట్లు రోడ్డు కింద గోతుల్లో, వీధి చివర పెట్టెల్లో ఉంటాయి. వాటిలోకి నీళ్లు చేరాక అదీ మూగబోయింది.

అయినా సోమవారం పొద్దున మా 0866 నంబరు మోగింది. ఎందుకంటే ఆ లైనుకి కాల్ ఫార్వర్డింగ్ ముందే పెట్టించి ఉంచాం. ఫార్వర్డింగ్ జరిగేది మన బల్ల మీద కాదు, ఎక్స్ఛేంజీలో. తీగ తెగినా, ఫోన్ నీళ్లలో మునిగినా ఎక్స్ఛేంజీ బతికి ఉంటే చాలు, కాల్ మళ్లిపోతుంది. అక్కడి నుంచి మా కాల్స్ క్లౌడ్ సిస్టమ్‌కి, అంటే మన ఆఫీసులో కాకుండా ఇంటర్నెట్ మీద వేరే చోట నడిచే ఫోన్ సిస్టమ్‌కి వెళ్తాయి, అది ఎవరి ఫోన్‌కి పంపాలో మనం చెప్తాం. పటమటలో ఇంట్లో కూర్చునే సెల్‌లో ఆ సిస్టమ్ పేజీ తెరిచి, కాల్స్ నాకూ, కానూరులో ఉండే మా గుమస్తాకీ, పెనమలూరు కుర్రాడికీ వెళ్లేలా మార్చాను. తొమ్మిదిన్నరకి ఎప్పటిలాగే ఆర్డర్లు మొదలయ్యాయి. నూజివీడు ఆయనకి మా ఆఫీసు మునిగిందని మేం చెప్తేనే తెలిసింది.

పదిన్నర ప్రాంతంలో వచ్చిన కాల్ ఒకటి ఇప్పటికీ చెవుల్లో ఉంది. పాయకాపురంలో చిన్న మెడికల్ షాపు ఆయన. షాపు కింద, కాపురం పైన.

"గురువుగారూ, ఇది పక్కింటాయన ఫోను. చార్జింగ్ అయిపోవచ్చింది, గబగబా చెప్తాను, రాసుకోండి."

"చెప్పండి, రాస్తున్నా."

షాపులో ఫ్రిజ్ నీళ్ల మీద తేలుతోందట. వాళ్ల మేడ మీద ఇద్దరు సుగర్ పేషెంట్లు ఉన్నారు. ఒకాయనకి వాడుతున్న ఇన్సులిన్ సీసా ఉంది. తెరిచిన సీసా మరీ వేడి తగలకుండా చూస్తే ఫ్రిజ్ బయట దాదాపు నెల ఆగుతుంది కాబట్టి, తడి ఇసుక పోసిన కుండలో పెట్టించాడు. ఇంకొకావిడ, పెద్దావిడ, ఆవిడ సీసా ముందురోజే అయిపోయింది.

"ముప్పై డెబ్బై రకం రెండు సీసాలు. సిరంజీలు నలభైవే పంపించండి గురువుగారూ, ఎర్ర మూతవి. వందవి వస్తే ఇక్కడ ఎక్కించేవాళ్లకి లెక్క తెలీదు, డోసు..."

అంతే, కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దాన్ని 100 యూనిట్ల సిరంజీతో, గీతలు చూసుకుని ఎక్కిస్తే లోపలికి వెళ్లే మందు సగంకన్నా తక్కువ. ఆయన చార్జింగ్ అయిపోతున్న ఫోన్‌లో ఆఖరిగా చెప్పాలనుకున్నది అదీ.

గోడౌన్ కుర్రాడు ధర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టి, సీసాలు తడవకుండా కవర్లో చుట్టి సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి తీసుకెళ్లాడు. పడవలన్నీ అక్కడి నుంచే కదులుతున్నాయి. డబ్బా మీద వీధి పేరు, మేడ గుర్తు స్కెచ్ పెన్నుతో రాసి ఒక పడవ వాళ్లకి అప్పజెప్పాడు. సాయంత్రానికి చేరింది. మర్నాడు ఆయనే ఇంకెవరి ఫోన్ నుంచో చేసి చెప్పాడు. మీ సెల్ నంబర్లన్నీ ఆరిపోయిన నా ఫోన్‌లో ఉండిపోయాయి, నోటికి వచ్చిన నంబరు మీ ఆఫీసుది ఒక్కటే అన్నాడు. ఏళ్ల తరబడి రోజూ పొద్దున చేసే నంబరు కదా.

ఇప్పుడు ఆలోచించండి, ఆ కాల్‌కి "మా సంస్థకు స్వాగతం, తెలుగు కోసం ఒకటి నొక్కండి, ఆర్డర్ల కోసం రెండు నొక్కండి, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని వినిపించి ఉంటే? చార్జింగ్ అక్కడే అయిపోయేది. ఇంటర్నెట్ ఫోన్ సిస్టమ్ పెట్టగానే ప్రతివాళ్లూ చేసే మొదటి పని ఇది. పది మంది ఉన్న ఆఫీసుకి ఆ మెనూ ఎందుకండీ? పల్లెటూరి నుంచి చేసే పెద్దాయన ఆ రికార్డు గొంతు వినగానే, ఇదేదో కంపెనీ ఫోన్ అనుకుని పెట్టేస్తాడు. బెజవాడలో ఈమధ్య టిఫిన్ హోటల్‌కి ఫోన్ చేసినా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంటుకి చేస్తే తొమ్మిది దాకా చదువుతారు, చివర్లో మళ్లీ మొదటికి. జబ్బుతో ఉన్నవాళ్లని అలా నిలబెట్టడం తప్పు. మీ సిస్టమ్‌లో ఒకేసారి నలుగురి ఫోన్లు మోగేలా పెట్టే సదుపాయం ఉంటుంది, అది పెట్టుకోండి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తుతారు.

అసలు ఇంటర్నెట్ ఫోన్, ల్యాండ్‌లైన్ అని రెండు వేరు వేరు వస్తువులు ఇప్పుడు పెద్దగా లేవు. కొత్తగా ల్యాండ్‌లైన్ అడిగితే చాలా చోట్ల ఫైబర్ వేసి, ఒక డబ్బా బిగించి, దాని వెనక ఫోన్ తగిలిస్తున్నారు. చూడటానికి ల్యాండ్‌లైనే, మాట వెళ్లేది ఇంటర్నెట్ పద్ధతిలోనే. ఆ డబ్బాకి కరెంటు మీరు ఇవ్వాలి. ల్యాండ్‌లైన్ తీసుకున్నాం, కరెంటు పోయినా పర్లేదు అనుకోకండి.

స్పీడు గురించి భయపడొద్దు. నాణ్యత బాగా ఉన్న కాల్‌కే అటు ఇటు చెరో 90 కేబీపీఎస్ లోపు పడుతుంది, పది మంది ఒకేసారి మాట్లాడినా 1 ఎంబీపీఎస్ చాలు. ఇబ్బంది ఎక్కడంటే, సీసీ కెమెరాల రికార్డింగు, బిల్లింగ్ బ్యాకప్ అన్నీ అదే లైనులో పైకి వెళ్తుంటాయి, మధ్యలో మాట నలిగిపోతుంది. మాటకి ముందు దారి ఇచ్చేలా రూటర్‌లో సెట్ చేయించండి. అవతలివాళ్ల మాట వినపడి మీది వాళ్లకి వినపడకపోయినా, ప్రతి కాల్ అరనిమిషం దాటగానే తెగిపోతున్నా, రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే, ఇంటర్నెట్ కాల్స్‌లో వేలు పెట్టే సెట్టింగు ఆన్‌లో ఉందేమో ముందు చూడమనండి. చాలా రూటర్లు అది ఆన్‌లోనే వస్తాయి, ఆపేస్తే చాలాసార్లు తీరిపోతుంది.

ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన క్షణంలో రూటర్ ఒకసారి ఆరి వెలుగుతుంది, మాట్లాడుతున్న కాల్స్ అన్నీ పోతాయి. ఫ్యాన్లకి ఆ క్షణం తేడా తెలీదు, ఫోన్‌కి తెలుస్తుంది. నన్నడిగితే ఫైబర్ డబ్బాకీ రూటర్‌కీ విడిగా చిన్న యూపీఎస్ కొనేయండి.

ఇంకో బాధ, రోడ్లు తవ్వేవాళ్లు. కాలువ కోసమని ఒకరు, పైపు కోసమని ఇంకొకరు వస్తారు, కింద ఏ తీగ ఉందో ఎవరికీ పట్టదు. పైన స్తంభాల మీద ఉరివేసినట్టు వేలాడే కేబుళ్ల సంగతి గుంటూరులో మీకూ తెలిసిందే. అందుకని రెండో ఇంటర్నెట్ వేరే కంపెనీది, వేరే వీధి వైపు నుంచి వచ్చేది తీసుకోండి. రెండూ ఒకే స్తంభం మీద నుంచి వస్తే రెండోదానికి కట్టే డబ్బులు దండగ.

నంబరు విషయం ఇంకా పెద్దది. సెల్ నంబరుకి పోర్టబిలిటీ, అంటే కంపెనీ మారినా పాత నంబరే ఉంచుకునే వీలు, 2011లోనే దేశమంతా వచ్చింది, ల్యాండ్‌లైన్ నంబరుకి ఆ సదుపాయం లేదు. కాబట్టి మీకు పాత 0863 నంబరు ఉంటే సరెండర్ చేయకండి, అద్దె కట్టుకుంటూ ఫార్వర్డింగ్ పెట్టించండి. కొత్త నంబరైతే సంస్థ పేరు మీదే తీసుకోండి, పార్ట్‌నర్ పేరు మీదో, సిస్టమ్ అమర్చినవాడి పేరు మీదో వద్దు. స్టాఫ్ సొంత సెల్ నంబర్లు కస్టమర్లకి ఇవ్వనివ్వకండి. మా లైన్లో ఇది రోజూ చూసేదే: సేల్స్ కుర్రాడు మానేసి పక్క ఏజెన్సీలో చేరతాడు, షాపులవాళ్లు అలవాటుగా అతని సెల్‌కే ఆర్డరు చెప్తారు. ఆ కుర్రాడిని అనడానికి ఏమీ లేదు, నంబరు అతనిదే కదా.

సిస్టమ్ అమ్మేవాడికి లైసెన్సు ఉన్న కంపెనీతో ఒప్పందం ఉందో లేదో కాగితం అడగండి. ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోన్లకి కాల్స్ చేసే వీలు 2018లో టెలికాం శాఖ లైసెన్సుదారులకి ఇచ్చింది. కాల్స్ మరీ చవక అంటూ సిమ్ కార్డులు గుచ్చిన పెట్టె తెచ్చి పెడతానంటే గుమ్మం దగ్గరే పంపించేయండి, దాని మీద పోలీసు కేసులు అవుతున్నాయి.

డెమోకి వచ్చినప్పుడు వాళ్ల లాప్‌టాప్‌లో చూపించేది కాదు, మీ ఆఫీసులో మెయిన్ స్విచ్ ఆపించండి. ఫైబర్ తీగ కూడా పీకించండి. మీ వాళ్లలో ఒకరిని వీధిలోకి పంపి ఆఫీసు నంబరుకి ఫోన్ చేయించండి. మీ జేబులో సెల్ మోగితే అడ్వాన్సు ఇవ్వొచ్చు. మోగకపోతే, ఎలా మోగిస్తారో చేసి చూపించి మళ్లీ రమ్మనండి.