పట్టా ఒకటే, తక్కెడలు రెండు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మలూకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్ఫై ఏడేళ్ల వయసులో, పిల్లలిద్దరూ బడికి వెళ్తున్న వేళ, ఇంగ్లండులోనే మళ్లీ చదువుకుంటానని రాశావు. ఆ వాక్యం చదివి నాకు కళ్లు చెమర్చాయి. నేను ఇంగ్లండులో మళ్లీ పుస్తకం పట్టేనాటికి నలభై ఒకటి నిండాయి. కాబట్టి వయసు గురించి నీకున్న బెంగను పక్కన పెట్టు. డిగ్రీ చదువుకు ఫీజు రుణం ఇవ్వడానికి అక్కడ వయోపరిమితి లేదు. ఖర్చుల రుణానికి, మాస్టర్స్ రుణానికి మాత్రం అరవై ఏళ్ల గీత ఉంది. దానికి నువ్వు చాలా దూరంలో ఉన్నావు.

"ముందు నా ఉస్మానియా బీఎస్సీకి గుర్తింపు తెచ్చుకుంటే రుణం వస్తుందట" అని రాశావే, అక్కడ నిన్ను కాసేపు ఆపాలి. నేనూ అలాగే అనుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

నీ పట్టాను అక్కడ ఇద్దరు చూస్తారు, ఇద్దరి ప్రశ్నలూ వేరు. యూనివర్సిటీ వాళ్లు, ఈమెకు మా కోర్సులో చేరే అర్హత ఉందా అని చూస్తారు. అక్కడ డిగ్రీ నీకు బలం. చదువు రుణాలిచ్చే ప్రభుత్వ సంస్థ స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లండ్ వాళ్లు, ఈమె ఈ స్థాయి చదువు ఇదివరకే చదివిందా అని చూస్తారు. అక్కడ అదే డిగ్రీ నీకు అడ్డు కావచ్చు. ఆనర్స్ డిగ్రీ, అంటే అక్కడి పూర్తిస్థాయి డిగ్రీ గానీ, దానికి సమానమైనది గానీ ఉన్నవారికి రెండో ఆనర్స్ డిగ్రీ కోసం సాధారణంగా రుణం ఇవ్వరు. అది ఏ దేశంలో చదివినా, ఫీజు మీ నాన్న జేబులోంచే కట్టినా తేడా లేదు. నేను ఆనాడు ఎంతో ఉత్సాహంగా కాగితాలన్నీ కూర్చుకుని, ఫుల్‌టైమ్ డిగ్రీలో సీటు తెచ్చుకుని, రుణానికి దరఖాస్తు పెట్టాను. సమాన స్థాయి అర్హత ముందే ఉంది కాబట్టి ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. నీకు ఆ రోజు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

విదేశీ పట్టా అక్కడి లెక్కలో ఏ స్థాయికి సరితూగుతుందో చెప్పే సంస్థ యూకే ఎనిక్. 2021కి ముందు దాని పేరు యూకే నారిక్, పాతవాళ్లు ఇంకా అలాగే అంటారు. వాళ్లిచ్చేది స్టేట్‌మెంట్ ఆఫ్ కంపారబిలిటీ. అందులో నీ బీఎస్సీ ఏ స్థాయితో సమానమని రాస్తారో ఆ ఒక్క పదం మీదే నీ దారి ఆధారపడి ఉంటుంది. బ్యాచిలర్ డిగ్రీ అని ఉన్నంత మాత్రాన ఆనర్స్ అని నువ్వే అర్థం చేసుకోకు. అయితే డబ్బు కట్టే ముందు యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాసి, ఈ పత్రం మీకు అవసరమా అని అడుగు. భారతీయ డిగ్రీలను చాలా యూనివర్సిటీలు సొంతంగానే అంచనా వేసుకుంటాయి. వీసా సమయంలో ఇంగ్లిషు మాధ్యమం కోసం నువ్వు తీసుకున్న పత్రం దీనికి పనికొస్తుందని అనుకోకు, దాని పని వేరు.

కంప్యూటర్ సైన్సు చదవాలని ఉందన్నావు. నీ బీఎస్సీని ఆనర్స్‌తో సమానంగా లెక్కిస్తే, అదే చదువు ఫుల్‌టైమ్‌గా చేస్తే ఫీజు రుణం రాదు. పార్ట్‌టైమ్‌గా చేస్తే వచ్చే వీలుంది. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సులకు పార్ట్‌టైమ్‌లో ఆ మినహాయింపు ఉంది. నర్సింగ్, మిడ్‌వైఫరీ (కాన్పుల సేవ) వంటి వాటికైతే 2017 ఆగస్టు నుంచి డిగ్రీ ఉన్నవాళ్లకూ రుణం ఇస్తున్నారు. పైగా అర్హులకు అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ వారి లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ నుంచి ఏడాదికి 5,000 పౌండ్లు తిరిగి కట్టనక్కర్లేని సాయం వస్తుంది. టీచరు శిక్షణ మరో దారి, నేను చివరికి పట్టుకున్నది అదే. పీజీసీఈ అనే ఆ శిక్షణ కోర్సుకు డిగ్రీ ఉండటమే అర్హత కాబట్టి, ఇంతకుముందు చదివావని అక్కడ రుణం ఆపరు. ఆ శిక్షణకు దరఖాస్తు చేసేవారు ప్రభుత్వం నడిపే గెట్ ఇన్‌టు టీచింగ్ సేవను సంప్రదిస్తే ఎనిక్ పత్రం ఉచితంగా దొరికే వీలుంది, అడగడం మరచిపోకు. నా మనసులో మాట చెప్పనా? చిన్నప్పటి నుంచి నువ్వు పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పే తీరు నేను చూశాను. ఆ దారి నీకు సరిపోతుంది. నిర్ణయం మాత్రం నీది.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. మనవాళ్లలోనే ఎవరో, ఇండియా డిగ్రీ ఉందని దరఖాస్తులో రాయకు, వాళ్లకేం తెలుస్తుంది అంటారు. ఆ మాట చెవిన పెట్టకు. మునుపటి చదువు గురించి దరఖాస్తులోనే అడుగుతారు. దాచి తీసుకున్న రుణం బయటపడితే ఆ డబ్బు తిరిగి కట్టమంటారు. చదువు మధ్యలో ఆ దెబ్బ తగిలితే తట్టుకోలేవు.

2027 జనవరి నుంచి మొదలయ్యే కోర్సులకు లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎంటైటిల్‌మెంట్ అనే కొత్త రుణ పద్ధతి వస్తోంది. నేను పైన రాసినవి పాత పద్ధతి నియమాలు. నీ కోర్సు ఆ తేదీకి ముందు మొదలవుతుందో, తర్వాత మొదలవుతుందో చూసుకుని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ పేజీనే చదువు. నీకు శాశ్వత నివాసం వచ్చింది, మూడేళ్లకు పైగా అక్కడే ఉంటున్నావు కాబట్టి నివాసం షరతుతో చిక్కు లేదు. ఇరవై అయిదు దాటావు కనుక మీ అమ్మానాన్నల ఆదాయం చూడరు, అల్లుడి జీతం చూస్తారు. ఫుల్‌టైమ్ అయితే పిల్లల సంరక్షణ గ్రాంటు గురించి కూడా అడుగు.

ఇక కాగితాలు. అసలు శ్రమ ఇక్కడే. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, పెళ్లయ్యాక అదీ మారింది. అక్కడివాళ్లకు మూడూ ముగ్గురు మనుషులు. పెళ్లి ధ్రువపత్రం, పాత పాస్‌పోర్టు కాపీ, పేర్లన్నీ ఒకరివేనని చెప్పే అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకో. పదో తరగతి మెమోను తీసిపారేయకు. నర్సింగ్‌కైనా, టీచరు శిక్షణకైనా జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి అక్కడి పరీక్ష) స్థాయి గణితం, ఇంగ్లిషు అడుగుతారు, దానికి ఆధారంగా చూపేది ఆ మెమోనే. నువ్వు 2006లో రాసిన ఇంటర్ మెమో మీద ఆంధ్రప్రదేశ్ బోర్డు అని ఉంటుంది. హైదరాబాద్ తెలంగాణలో కదా అని అక్కడ ఎవరైనా సందేహపడితే, 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిందని రెండు వాక్యాల్లో రాసి జతచేయి. కోఠీ కాలేజీదీ అదే సంగతి. నువ్వు చదివినప్పుడు అది ఉస్మానియా కళాశాల. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఇంటర్నెట్‌లో వెతికితే వాళ్లకు కొత్త పేరు కనిపిస్తుంది, నీ పట్టా మీద ఉస్మానియా ఉంటుంది. అదీ ఆ ఉత్తరంలోనే రాయి.

కన్సాలిడేటెడ్ మెమో నీ దగ్గర ఉందా? ప్రొవిజనల్‌తో సరిపెట్టుకుని ఒరిజినల్ పట్టా తీసుకోకుండానే విమానం ఎక్కావేమోనని నా అనుమానం, అప్పట్లో చాలామంది అలాగే వెళ్లారు. ఎనిక్ వాళ్లు తుది పట్టా, మార్కుల వివరాలు రెండూ చూస్తారు. యూనివర్సిటీ పరీక్షల విభాగం మా ఇంటికి ఆటోలో పది నిమిషాల దూరం. నీ హాల్‌టికెట్ నంబరు, పాస్‌పోర్టు కాపీ, నా పేరున సంతకం చేసిన అధికార పత్రం స్కాన్ చేసి పంపు. ఒరిజినల్ పట్టా, ట్రాన్‌స్క్రిప్టు నేను తీసుకుంటాను. ఒరిజినల్స్ పోస్టులో పంపను. వచ్చే నెల మీ అమ్మ అక్కడికి వస్తోంది కదా, ఆమె చేతిసంచిలోనే పెడతాను.

ఈ వారంలోనే పంపు తల్లీ.

మీ పెద్దమ్మ